నాలుగు మూలల పసుపు

మా ఆవిడ మాల్దీవుల్లో ఉంటుందని చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలోకి ఒక నవ్వు వస్తుంది. రెండేళ్లుగా చూస్తున్నాను కనుక అది రాకముందే నాకు తెలిసిపోతుంది. మా ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ మొదలుకొని మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న రాజయ్య వరకు అందరిదీ ఒకటే నవ్వు, ఒకటే మాట.

"మరి నువ్వెందుకు పోలేదన్నా, ఆమెతోని?"

సినిమా హీరోయిన్లు పెళ్లయిన వారానికి పోయి ఫొటోలు పెట్టే చోటు కదా అది. నీలం నీళ్లు, నీళ్ల మీద చెక్క ఇళ్లు, సముద్రంలో ఉయ్యాల. ఆ ఉయ్యాలకూ మా స్వర్ణలతకూ ఏ సంబంధమూ లేదు. ఆమె అక్కడ ఒక చిన్న ద్వీపంలో ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ చెబుతుంది.

ఆ ద్వీపం ఈ కొస నుంచి ఆ కొసకు నడవడానికి పదిహేను నిమిషాలు చాలట. నాచారంలో మా ఇంటి నుంచి నేను పనిచేసే సీసా మూతల ఫ్యాక్టరీకి నడిస్తేనే ఇరవై నిమిషాలు పడుతుంది. కూరగాయల పడవ వారానికోసారి వస్తుంది. గాలి జోరుగా ఉంటే అదీ రాదు. స్వర్ణ ఒక కేరళ టీచరమ్మతో కలిసి ఒక గదిలో ఉంటుంది. ఆ దేశంలో మన పూజలు బయట చేయకూడదు, విగ్రహాలు తీసుకుపోకూడదు. వాళ్ల దేశం, వాళ్ల నియమం. అందుకని ఈమె పొద్దున్నే ఫోన్లో ఆంజనేయస్వామి ఫొటో తెరిచి దండం పెట్టుకుని, ఫోన్ మూసి బడికి పోతుంది. మొదట్లో నాకు అది చాలా కష్టంగా ఉండేది. దీపం పెట్టని ఇంట్లో ముద్ద ఎట్లా దిగుతుందని ఒకసారి అడిగాను.

"ఆకలైతే దిగుతది బావా" అంది.

స్వర్ణ నా మేనమామ కూతురు. నేను ఐటీఐ. ఆమె ఎమ్మే ఇంగ్లిష్, బీఈడీ. ఎమ్మే పెళ్లయ్యాకే చదివింది. మా అమ్మ సారలమ్మ పొయ్యి దగ్గర ఉంటే ఈమె పుస్తకం దగ్గర ఉండేది. ఇక్కడ ప్రైవేటు బళ్లలో ఎనిమిదేళ్లు చేసి, ఇక ఎదుగూ బొదుగూ లేదని తేల్చుకుని అక్కడికి పోయింది. అప్పటికి మా అమృతకు ఏడేళ్లు.

ఈసారి ఇరవై ఎనిమిది రోజుల సెలవు మీద వచ్చింది. వచ్చిన మరునాడే మెట్ల దగ్గర పై అంతస్తు శారదమ్మగారు పట్టుకున్నారు. ఆవిడ భర్త హబ్సిగూడలో శాస్త్రవేత్తగా చేసి రిటైరయ్యారు. మంచి మనిషి.

"ఏమ్మా స్వర్ణా, అలా నల్లబడ్డావేంటి? రోజంతా బీచ్‌లోనే ఉంటావా?"

"బీచ్ కాదాంటీ, బడి. మా బడిల చెట్లు లెవ్వు."

"నీళ్ల మీద ఇళ్లుంటాయట కదా. నేల గాజుదట, కింద చేపలు కనిపిస్తాయట. మీదీ అలాంటిదేనా?"

"మా గది కింద పడవ ఇంజన్లు బాగుచేసే షాపున్నదాంటీ. పొద్దున ఆరింటికే మొదలుపెడ్తరు."

శారదమ్మగారు నిజంగానే నిరాశపడ్డారు. "పోనీలే, మా అబ్బాయి అనిరుధ్‌కి మొన్న పెళ్లయింది కదా. ఆ చెక్క ఇళ్లలో నీ పేరు చెబితే ఏమైనా తగ్గిస్తారేమో కనుక్కోమ్మా" అన్నారు.

స్వర్ణ లోపలికొచ్చి కూరగాయల సంచీ నేల మీద పెట్టింది. పెట్టిందనకూడదు, పడేసింది.

"అక్కడ నన్ను సినిమా మనిషి అనుకుంటరు బావా. ఇక్కడ సముద్రం మనిషి అనుకుంటున్నరు. టీచర్ అని మాత్రం ఎవ్వలూ అనుకోరు."

సినిమా మనిషి అన్నది వట్టి మాట కాదు. హిందీలోకి మార్చిన మన సినిమాలన్నీ ఆ పిల్లలకు కంఠతా వచ్చు. ఈమె బడిలో చేరిన రోజు ఒక పిల్ల లేచి, "మిస్, మీది హైదరాబాద్ కదా, హీరో ఇంటికి పోయారా?" అని అడిగిందట. రెండో ప్రశ్న, "ఆ స్టెప్పు వేసి చూపిస్తారా?" అని. నేను మెచ్చిన మనిషి అని వ్యాసం రాయమంటే తరగతిలో పదకొండు మంది మన తెలుగు హీరోల గురించే రాశారట. అందులో ఐదుగురు మీసం గురించి ఒక పేరా రాశారు. టీచర్ల దినం నాడు మిగతా దేశాల టీచర్లు ప్రసంగాలు చేయాలి, ఇండియా టీచర్లు డాన్స్ చేయాలి. ఈమె ఆరు వారాలు పిల్లలను కూర్చోబెట్టి వాళ్ల చేత ఇంగ్లిష్ గోడపత్రిక రాయించింది. దాని ముందు ఎవరూ నిలబడలేదు. ఈమె, కేరళ టీచరమ్మ కలిసి రెండు నిమిషాలు వేసిన స్టెప్పులు మాత్రం ద్వీపమంతా ఫోన్లలో తిరిగాయి. చేపలమ్మే ఆయన కూడా ఈమెను చూసి చెయ్యి తిప్పి చూపిస్తాడట.

అట్లాంటి చోట రెండేళ్లు ఓర్చుకున్నాక మంచి అవకాశం ఒకటి వచ్చింది. ఇంకో పెద్ద ద్వీపంలోని బడిలో ఇంగ్లిష్ టీచర్లందరికీ పెద్దగా తీసుకుంటామన్నారు. అక్కడ డాన్స్ చేయమనరట, పాఠాలు ఎట్లా చెప్పాలో మిగతా టీచర్లకు ఈమే నేర్పాలి. అంతకన్నా ముఖ్యం, రెండు గదుల ఇల్లు ఇస్తారు. కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. అమృత అదే బడిలో చదువుకోవచ్చు.

ఒకటే షరతు. ఎమ్మే సర్టిఫికెట్ అసలు కాగితం మీద ఇక్కడి ప్రభుత్వ ముద్ర, ఢిల్లీ ముద్ర, ఆ పైన వాళ్ల ఎంబసీ ముద్ర పడాలి. నెలాఖరులోగా చూపించాలి. లేకపోతే ఆ ఉద్యోగానికి, ఆ ఇంటికి తర్వాతి వాళ్లను చూసుకుంటారు.

స్వర్ణ ఆ సర్టిఫికెట్‌ను పసిపిల్లను దాచినట్టు దాచింది. అందరూ ల్యామినేషన్ చేయిస్తుంటే తను చేయించలేదు. బీరువాలో రెండు పాత కాగితాల మధ్య, వేపాకు పెట్టి ఉంచింది. సోమవారం సాయంత్రం దాన్ని తీసి ఫైలులో పెట్టి నా చేతికిచ్చింది.

"రేపు అమృత బడిల నన్ను మాట్లాడుమన్నరు, పోక తప్పదు. నువ్వు షిఫ్టుకు పోయేటప్పుడు ఉప్పల్‌ల ప్రశాంత్‌కు ఇచ్చి పో. ముద్రలన్నీ వడెటందుకు పద్దెనిమిది దినాలు వట్టుతదన్నడు. ఒక్క దినం గూడ ఎక్కువ లేదు మనకు."

"నేనిస్త తియ్."

"పాస్‌పోర్ట్ స్లాట్ దొరికిందా నీకూ అమృతకూ?"

"చూస్తున్న. ఖాళీలుంటలెవ్వు" అన్నాను.

మంగళవారం పొద్దున తలస్నానం చేసి దీపం పెట్టాను. మంగళవారం నాకు ముఖ్యం. ఫ్యాక్టరీ రోడ్డులోని ఆంజనేయస్వామి గుడికి పోకుండా నేను మిషన్ మీద చెయ్యి వెయ్యను. మా ఇంట్లో కొత్తది ఏది వచ్చినా, మంచి పని మీద ఏ కాగితం బయటికి పోయినా నాలుగు మూలలకు పసుపు పెట్టి, మీద కుంకుమ బొట్టు పెట్టి దేవుడి ముందు ఉంచుతాం. మా నాయన భూమి పాసుబుక్కుకు పెట్టేవాడు. నేను బండికి పెట్టాను, గ్యాసు బుక్కుకు పెట్టాను. రెండేళ్ల కిందట స్వర్ణకు మొదటి ఉద్యోగం కాగితం వస్తే ప్రింటు తీసి దానికీ పెట్టాను. ఆ ఉద్యోగం నిలబడింది కదా.

ఆ రోజు కూడా పెట్టాను. ఫైలులోంచి సర్టిఫికెట్ తీసి పటాల ముందు పరిచాను. వేలితో పసుపు తడిపి ఒక్కో మూలకు పెట్టాను. చెయ్యి తడి కాస్త ఎక్కువైంది. కుంకుమ అద్దాను. తీర్థం రెండు చుక్కలు చల్లాను. కళ్లు మూసుకుని, అంతా మంచి జరగాలి స్వామీ అన్నాను. గడియారం చూస్తే ఆలస్యమవుతోంది. ఆరకముందే ఫైలులో దూర్చి, ఫైలును స్కూటర్ సీటు కింద పెట్టి బయలుదేరాను.

ఉప్పల్ మెట్రో దాటాక ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో ప్రశాంత్ ఆఫీసు. దుబాయ్, ఖతర్ పోయేవాళ్ల కాగితాలు చేయిస్తాడు. నలభై ఏళ్ల మనిషి, కళ్లద్దాలు నెత్తి మీదకు తోసుకుని మాట్లాడతాడు. ఫైలు తెరిచి కళ్లద్దాలు కిందికి దించాడు.

"అన్నా, గిదేంది? హోలీ ఆడినవా దీని మీద?"

నేను బల్ల మీదికి వంగి చూశాను. సీటు కింద వేడికి, ప్లాస్టిక్ కవరు ఒత్తిడికి పసుపు మూలల్లో ఆగలేదు. పాకింది. కింద కుడివైపు సంతకం మీదికి, ఎడమవైపు ముద్ర మీదికి పోయింది. కుంకుమ దాని వెంట ఎర్ర తోకలా పోయింది.

"దేవుని దగ్గర పెట్టిన" అన్నాను.

"దేవుని దగ్గర పెట్టుడు మంచిదే. పక్కకు పెట్టాలె గాని పైన పెడ్తరా అన్నా? మూలలకుంటే ఏదో ఒకటి జెప్పెటోణ్ని. సంతకమే కనవడ్తలేదు. ఢిల్లీల ఇట్లనే వాపస్ కొడ్తరు."

"తుడిస్తే పోతదేమో."

"ముట్టకన్నా. నా మాటిను, ముట్టకు."

నేను వినలేదు. ఫోన్ వస్తే ప్రశాంత్ అటు తిరిగాడు. నేను కాగితం తీసుకుని కిందికి దిగాను. టిఫిన్ సెంటర్ చేతులు కడిగే చోట సబ్బు నీళ్ల సీసా ఉంది. జేబురుమాలు కొస తడిపి, ఒక్క చుక్క సబ్బు వేసి, సంతకం మీద పసుపును మెల్లగా అద్దాను.

పసుపు ఎర్రబడింది. ఇటుక రంగు. ఇంకొంచెం అద్దితే ఇంకొంచెం ఎర్రబడింది. సిరా ఉబ్బి చుట్టూ నీలం మబ్బులా కమ్ముకుంది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రగా మారుతుందని ఇంట్లో బట్టలుతికే ప్రతి మనిషికీ తెలుసట. నా వయసు నలభై రెండు. నేను ఏనాడూ బట్టలుతకలేదు.

పైకి పోయేసరికి ప్రశాంత్ నా చేతిలోని కాగితాన్ని చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇందాక పూజ జేసినట్టుండె. ఇప్పుడు మర్డర్ జేసినట్టున్నది" అన్నాడు. కాసేపటికి మెత్తబడి, "డూప్లికేట్ తీసుకోవాలె అన్నా. యూనివర్సిటీకి అక్కనే పోవాలె. జల్దీ పొండ్రి" అన్నాడు.

ఆ రోజు మిషన్ మీద మూతలు పడుతుంటే నేను లెక్క తప్పాను, గుడి ముందు నుంచే పోయి గుడికి పోవడం మరిచాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి స్వర్ణ వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తోంది. కోపంగా ఉంటే సన్నగా కోస్తుంది. అవి చాలా సన్నగా ఉన్నాయి.

"బడిల ఎట్లయింది?" అన్నాను.

"ఇరవై నిమిషాలిచ్చిన్రు. పుస్తకాలు ఎట్ల సదవాలెనో జెప్దామని నాలుగు కథలు రాసుకపోయిన. పదహారు నిమిషాలు డాల్ఫిన్ల గురించి అడిగిన్రు. ఆఖరుకు ప్రిన్సిపాల్ మేడమ్ మైకు తీసుకోని, మేడమ్‌లెక్క మీరు గూడ ఇంగ్లిష్ నేర్చుకుంటే బీచ్‌లకు పోవచ్చు అన్నది. పిల్లలందరు చప్పట్లు."

"మమ్మీ, నిన్ను ఈత గురించి గూడ అడిగిన్రు" అంది అమృత.

"అవును, ఈత గూడ. నాకు ఈత రాదని జెప్తే నవ్విన్రు." కత్తి కింద పెట్టింది. "కాగితం ఇచ్చినవా?"

నేను ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆమే తెరిచింది.

వేలితో ఆ ఎర్రమరక చుట్టూ గీసినట్టు తిప్పింది, తాకలేదు. మా అమ్మ టీవీ సీరియల్ చప్పుడు తగ్గించి వచ్చి చూసింది.

"పసుపు వెడ్తే పాపమానే? పెండ్లి కార్డుకు పెడ్తలేమా?"

"పెండ్లి కార్డు మీద రిజిస్ట్రార్ సంతకం ఉండదత్తా."

"వాడు మంచికే పెట్టిండు బిడ్డా."

"ఎందుకు పెట్టినవ్ బావా?" అని నన్నడిగింది. గొంతు పెద్దది చేయలేదు. తరగతిలో తెలియని పిల్లవాణ్ని అడిగినట్టు అడిగింది.

"మంచిగ కావాలని."

"పాస్‌పోర్ట్ స్లాట్?"

"దొరుకుతలేవు అన్న గద."

స్వర్ణ ఫోన్ తీసింది. తను అక్కడుండి ఎన్నో కాగితాలు చేసుకున్న మనిషి, ఆమెకు ఎంతసేపు పడుతుంది. ఫోన్ నా వైపు తిప్పింది. వచ్చే గురువారం ఖాళీ ఉంది. శుక్రవారం ఖాళీ ఉంది. ఆ పై వారం అంతా ఖాళీయే.

"డాడీ, పచ్చగుంటే ఖాళీ అన్నట్టు" అని అమృత నాకు వివరించింది.

"రెండు నెలల నుంచి దొరుకుతలేదంటున్నవు" అంది స్వర్ణ. "ఒక్కసారన్న తెరిచి చూసినవా?"

తెరవలేదు. అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. ఈ ఒక్క అబద్ధాన్ని మాత్రం రెండు నెలలుగా రోజూ చెబుతూ, అది అబద్ధమని నాకే తెలియనట్టు ఉన్నాను.

"బావా, నిజం జెప్పు. పసుపు మంచిగ కావాలని పెట్టినవా, ఆగాలని పెట్టినవా?"

ఎంత మాట. దేవుడి ముందు అట్లాంటి పని చేసే మనిషినా నేను! అట్లాగే అరవబోయి ఆగాను. పొద్దున పటాల ముందు నేనేం కోరుకున్నానో గుర్తుకు తెచ్చుకోబోయాను. అంతా మంచి జరగాలి అన్నాను. ఎవరికి మంచి, ఏది మంచి అని చెప్పలేదు. ఆ ద్వీపంలో నాకేం పని ఉంటుంది? మిషన్ లేదు, మంగళవారం గుడి లేదు, దీపం లేదు. స్వర్ణ సంపాదిస్తే నేను పడవ ఇంజన్లు చూస్తూ కూర్చోవాలి. మా అమ్మ మా తమ్ముడి దగ్గరికి బోడుప్పల్ పోతుంది, ఆమెకు ఏ చింతా లేదు. ఉన్నదంతా నాకే. చెయ్యి తడి ఎక్కువైందని తెలిసి కూడా ఆరనివ్వకుండా ఫైలులో ఎందుకు దూర్చాను? ఆలస్యమైందని. నిజంగా ఆలస్యమైందా? ఆ రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర పది నిమిషాల ముందే ఉన్నాను.

"తెల్వదు" అన్నాను.

అది ఆమెకు కోపం తెప్పించే జవాబు. అయినా నా దగ్గర ఉన్నది అదే.

"తెల్వదని ఒప్పుకున్నవ్ గదా. గంతవరకు నయం" అని, ఫైలు తీసుకుని లోపలికి పోయింది. ఆ పూట కూర ఉడకలేదు. మా అమ్మ పచ్చిపులుసు చేసింది.

మరునాడు నేను షిఫ్టు మానేసి ఆమె వెంట యూనివర్సిటీకి పోయాను. నోటరీ దగ్గర ఒక వరుస, బ్యాంకు దగ్గర ఒక వరుస, ఫారం దగ్గర ఒక వరుస. ఫారంలో ఒక గడి ఉంది. అసలు కాగితం ఎట్లా పాడైందో రాయాలి. స్వర్ణ పెన్ను పట్టుకుని ఆ గడి దగ్గర ఆగింది. ఇంగ్లిష్‌లో ఏదో ఒక ముక్క రాసింది.

"ఏమని రాసినవ్?"

"పొరపాటున అని."

"నా పొరపాటు అని రాయి."

"గడి గంత పెద్దగ లేదు" అంది. అప్పటికీ నా వైపు చూడలేదు.

కౌంటర్‌లో తారామణిగారని ఒక పెద్దావిడ కూర్చుంది. పాడైన సర్టిఫికెట్‌ను వెలుతురుకు పట్టి చూసింది. ముందు నన్ను, తర్వాత నా నుదుటి మీది సిందూరాన్ని చూసింది.

"నువ్వేనా?"

"నేనే మేడమ్."

"నెలకు ఇద్దరన్న వస్తరయ్యా నీ అసుంటోళ్లు. మొన్న ఒకాయన కొబ్బరికాయ గొట్టి నీళ్లన్నీ దాని మీదికి వట్టిండు. డాక్టర్ సర్టిఫికెట్, పాపం. చీమలు వట్టినయి." అని ఫారం మీద ముద్ర కొట్టింది. "పదిహేను దినాలు."

"పది దినాల్ల కాదా మేడమ్?" అంది స్వర్ణ.

"నేను మనిషినే గదమ్మా, మిషన్‌ను గాదు. పన్నెండు దినాలకు యత్నం జేస్త."

బయటికొచ్చాక స్వర్ణ మెట్ల మీద కూర్చుని, "చీమలు వట్టినయట" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఏది ఎందుకో నేను అడగలేదు. పన్నెండు దినాలకు డూప్లికేట్ వచ్చినా ఆపైన ముద్రలకు పద్దెనిమిది. నెలాఖరు ఎప్పుడో దాటిపోతుంది.

అక్కడే మెట్ల మీద నుంచే కొత్త బడి ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసింది. ఇంగ్లిష్‌లో మాట్లాడింది. నాకు సగం అర్థమైంది. పసుపు అన్న మాట దగ్గర ఆగి, మా ఇంట్లో శుభానికి పెట్టే రంగు అని చెప్పింది. నాకు సిగ్గుతో తల వంగింది. నా మీద ఒక్క నింద వేయకుండా చెప్పింది. ఆ ప్రిన్సిపాల్ మంచి మనిషిలాగే ఉంది. వచ్చే నెల ఇరవై వరకు ఉద్యోగం పట్టి ఉంచుతానంది. ఇల్లు మాత్రం ఆపలేనంది. కాగితాలన్నీ సరిగా ఉన్న శ్రీలంక లెక్కల టీచర్ ఒకాయన కుటుంబంతో ఎదురుచూస్తున్నాడట. ఇంకో ఇల్లు జనవరిలో ఖాళీ కావచ్చు. కావచ్చు అని మాత్రమే అంది.

"అప్పటిదాంక మళ్లొక గదిల, మళ్లొక టీచర్‌తోని" అంది స్వర్ణ ఫోన్ మూసి. "అమృతకు నువ్వే జెప్పు."

చెప్పాను. అమృత ఏడవలేదు. "జనవరి అంటే ఎన్ని నెలలు?" అని వేళ్ల మీద లెక్కపెట్టుకుని టీవీ ముందుకు పోయింది. ఏడిస్తే బాగుండేది.

సెలవు అయిపోయి స్వర్ణ వెళ్లిపోయింది. వెళ్లే ముందు రోజు శారదమ్మగారు దిగివచ్చి, ఉయ్యాల ఫొటో ఒక్కటైనా పంపమని అడిగారు. స్వర్ణ పంపుతానంది. గొడవ పడే ఓపిక అయిపోయింది కాబోలు.

తారామణిగారు మాట నిలబెట్టుకున్నారు. స్వర్ణ సంతకం చేసి ఇచ్చిపోయిన ఉత్తరం చూపిస్తే పదమూడో రోజు డూప్లికేట్ నా చేతికొచ్చింది. దాన్ని ఇంటికి తేలేదు. తార్నాకలోని యూనివర్సిటీ నుంచి నేరుగా ఉప్పల్ పోయి ప్రశాంత్ చేతిలో పెట్టాను. అతను కవరు విప్పి వెనకా ముందూ తిప్పి, వాసన కూడా చూశాడు.

"శబాష్ అన్నా" అన్నాడు. మరుసటి నెల పందొమ్మిదో తారీకున, గడువుకు ఒక్క రోజు ముందు, ముద్రలన్నీ పడి వచ్చింది. స్కాన్ చేసి ఆ రోజే పంపాను. ఉద్యోగం దక్కింది.

పాస్‌పోర్ట్ స్లాట్ కూడా నేనే తీసుకున్నాను. అమృత పక్కన కూర్చుని పచ్చది నొక్కు, పచ్చది నొక్కు అని చెప్పింది. విచారణకు పోలీసాయన ఇంటికొచ్చాడు. కాగితాలు చూస్తూ, "ఏ దేశం పోతున్నరు?" అన్నాడు.

"మాల్దీవ్స్ సార్."

ఆ నవ్వు వచ్చింది. "ఏంది, ఈ వయసుల హనీమూనా?"

నాకు ఒళ్లు మండింది. రెండేళ్లు ఆ నవ్వుకు నేనూ నవ్వి ఊరుకున్నవాణ్నే. ఆ మంట స్వర్ణకు రోజూ ఎట్లా ఉండేదో అప్పుడు తెలిసింది.

"కాద్సార్. మా ఇంటామె అక్కడ ఇంగ్లిష్ టీచర్. పిల్లలకు వ్యాసాలు రాసుడు నేర్పిస్తది. టీచర్లకు గూడ నేర్పిస్తది. ఆమెకు ఈత రాదు."

ఈత మాట ఎందుకన్నానో నాకే తెలియదు. ఆయన తలెత్తి చూసి, మళ్లీ రాసుకున్నాడు.

పది రోజులకు పోస్టులో రెండు పాస్‌పోర్టులు వచ్చాయి. మా అమ్మ అప్పటికే పసుపు గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని పటాల దగ్గర నిలబడి ఉంది.

"ఆగమ్మా" అన్నాను. పాస్‌పోర్టులు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఖాళీ కవరు ఆమె చేతికిచ్చాను.

"ఉత్త కవర్‌కా?"

"కవర్‌కే. లోపలేమున్నదో స్వామికి తెల్వదా?"

మా అమ్మ నన్ను వింతగా చూసి, ఆ కవరుకు నాలుగు మూలలా పసుపు పెట్టింది. దాన్ని పటం ముందు ఉంచి నేను దీపం వెలిగించాను. ఆ పొద్దునే స్వర్ణ నుంచి కబురు వచ్చింది. జనవరి ఇల్లు కూడా ఖాయం కాదట, పాతవాళ్లు ఉండిపోవచ్చట. ఆమె గది కింద ఈసారి ఇంజన్ల షాపు లేదు, కోళ్ల గూడు ఉందట.

దండం పెట్టుకుని ఈసారి పేరు పెట్టి అడిగాను. జనవరిలో ఆ ఇల్లు ఖాళీ కావాలి, స్వర్ణ దగ్గరికి మేం పోవాలి అన్నాను. అడిగాక చూసుకుంటే లోపల ఎక్కడో, కాకపోయినా పర్వాలేదనే మాట ఇంకా మిగిలే ఉంది. దాన్ని కూడా స్వామికి చెప్పేశాను. చెప్పకుండా పెట్టిన పసుపు ఎక్కడికి పాకుతుందో చూశాను కదా.